హలీమ్‌లో పప్పు పడాలా వద్దా? మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల మీది పంచాయితీ

 

ఈ ఎపిసోడ్ తిండి గురించి. కానీ ఇది ఫుడ్ రివ్యూ కాదు. ఏ హోటల్‌కి ఎన్ని స్టార్లు, ఎక్కడ టేస్ట్ అదిరింది, అవి చెప్పడానికి బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పేది ఒక పంచాయితీ గురించి. రంజాన్ నెల వచ్చిందంటే మన మేడ్చల్ వైపు, శామీర్‌పేట వైపు సాయంత్రం పూట ఏ హలీమ్ కౌంటర్ దగ్గర నిలబడ్డా ఇది వినిపిస్తుంది. "ఇది అసలు హలీమే కాదు రా బై" అంటాడు ఒకడు. ప్లేటు చేతిలోనే ఉంటుంది, స్పూను నోట్లోనే ఉంటుంది, గీకి గీకి తింటూనే ఉంటాడు. కానీ హలీమ్ మాత్రం కాదంటాడు.

ఎందుకు కాదు అని అడిగితే ఒక్కొక్కడిది ఒక్కో మాట. ఒకడికి పప్పు తగిలిందట. ఇంకొకడు చికెన్‌తో చేస్తే హలీమ్ ఎట్లయితది అంటాడు. మరొకడికి పైన చికెన్ సిక్స్టీఫైవ్ ముక్కలు వేయడం నచ్చదు. ఇంకో పెద్దమనిషి ఉంటాడు, ఈయన అన్నింటికీ ఒకటే మాట: "చార్మినార్ దాటినంక అంతా డూప్లికేటే." మరి ఆయన తినేది మేడ్చల్‌లో.

నవ్వులాటగానే ఉంటుంది కానీ ఇందులో నిజంగా తేల్చుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. అది పప్పు కాదు. దాని దగ్గరికి మెల్లగా వెళ్దాం.

ముందు మన ఏరియా గురించి రెండు ముక్కలు, బయటి ఊళ్ల వాళ్ల కోసం. హైదరాబాద్‌కి ఉత్తరాన రెండు పెద్ద రోడ్లు పోతాయి. ఒకటి కొంపల్లి మీదుగా మేడ్చల్, అక్కడి నుంచి నాగ్‌పూర్ వైపు వెళ్లే జాతీయ రహదారి. రెండోది అల్వాల్, తూంకుంట మీదుగా శామీర్‌పేట, అక్కడి నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి. ఈ రెండింటినీ అడ్డంగా కోస్తూ ఓఆర్‌ఆర్. ఇటు ఇంజనీరింగ్ కాలేజీలు, అటు నల్సార్, బిట్స్ పిలానీ క్యాంపస్, జీనోమ్ వ్యాలీ కంపెనీలు. అంటే హాస్టళ్లు, రూములు, షిఫ్టులు దిగి వచ్చేవాళ్లు, లారీ డ్రైవర్లు. పాతబస్తీలో హలీమ్ తినేవాళ్లు మూడు తరాల నుంచి ఒకే హోటల్‌కి పోతారు, మాస్టర్ ముఖం గుర్తుపడతారు. మన రోడ్ల మీద అట్ల కాదు. కౌంటర్ ఈ ఏడు ఉంటుంది, వచ్చే ఏడు ఉండదు. తినేవాడు ఖమ్మం పిల్లోడు కావచ్చు, బీహార్ నుంచి వచ్చిన వర్కర్ కావచ్చు. ఎవరికీ ఎవరూ తెలీదు. తెలిసేది ఒక్కటే, ఫ్లెక్సీ మీద రాసింది: "ఒరిజినల్ హైదరాబాదీ హలీమ్."

మా నానమ్మ సంగతి చెప్తాను. జొన్న గట్క, బొక్కల షోర్వా తిని పెరిగిన మనిషి. మొదటిసారి హలీమ్ పార్సిల్ ఇంటికి తెస్తే డబ్బా మూత తీసి చూసి, "ఏందిరా ఇది, మటన్‌ని రుబ్బిండ్రా? పండ్లు లేనోళ్ల కోసమా?" అంది. తర్వాత డబ్బా ఖాళీ చేసింది, అది వేరే విషయం. అంటే మన ఊళ్లకి హలీమ్ కొత్త. సిటీ ఇటు పెరిగింది, దాంతో పాటు హలీమ్ కూడా వచ్చింది. అందుకే అసలుది ఏది, కాదేది అనే గొడవ ఇక్కడ ఎక్కువ. ఇంట్లో వండుకునే కూర గురించి ఎవరూ అట్ల అడగరు కదా.

సరే, పప్పు.

పప్పు వేస్తే హలీమ్ కాదు అనేవాళ్ల వాదన ఏంటంటే, అసలు హలీమ్ అంటే మాంసం, గోధుమ, నెయ్యి. పప్పు కలపడం అంటే మాంసం తగ్గించి చిక్కదనం తెచ్చే షార్ట్‌కట్. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ "అసలు" అనే మాట వాడినప్పుడు ఎంత వెనక్కి పోతున్నాం అనేది చూడాలి.

బాగా వెనక్కి పోదాం. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ అనే ఆయన వంటల పుస్తకం ఒకటి రాశాడు. అందులోనే హరీసా ఉంది. మాంసం, గోధుమ కలిపి గంటలు గంటలు ఉడికించి, మెత్తగా కొట్టడం. హరీసా అనే పేరే అరబ్బీలో దంచడం, నలగగొట్టడం అనే మాట నుంచి వచ్చింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మన దేశానికి రండి. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐనె అక్బరీలో వంటశాల లెక్కలున్నాయి. ఏ వంటకి ఏ సరుకు ఎన్ని సేర్లు అని ఒక స్టోర్ కీపర్ రాసుకున్నట్టు రాశాడు. అందులో మూడు వంటలు వరసగా వస్తాయి. మొదటిది హరీసా: 10 సేర్ల మాంసం, 5 సేర్ల గోధుమ రవ్వ, 2 సేర్ల నెయ్యి, అర సేరు ఉప్పు, కాస్త దాల్చిన చెక్క. అంతే. పప్పు లేదు. రెండోది కష్క్: మాంసం, గోధుమ అంతే, కానీ దానికి ఒక సేరు శనగలు, ఉల్లిగడ్డలు, ఇంకొన్ని మసాలాలు కలిశాయి. మూడోది ఏంటో తెలుసా? హలీమ్. పేరు అదే. అందులో మాంసం, గోధుమ, శనగలు, వాటితో పాటు టర్నిప్, క్యారెట్, పాలకూర!

అర్థమైంది కదా. నాలుగు వందల ఏళ్ల కిందటి పుస్తకంలో పప్పు లేనిదాని పేరు హరీసా. పప్పు ఉన్నదాని పేరు హలీమ్. అంటే "పప్పు పడితే హలీమ్ కాదు" అని కౌంటర్ దగ్గర గట్టిగా అరిచే అన్న నిజానికి హరీసా కావాలని అడుగుతున్నాడు. ఇంకా పాత పద్ధతే కావాలంటే ప్లేట్లో పాలకూర కూడా వేయించుకోవాలి.

అట్లని ఐనె అక్బరీ పట్టుకొని హైదరాబాద్ హలీమ్‌కి తీర్పు చెప్పడం కూడా తప్పే. ఎందుకంటే మన హలీమ్ అక్బర్ వంటశాల నుంచి దిగలేదు. అది అరబ్బుల వెంట వచ్చింది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి చాలామంది వచ్చారు. వాళ్లు ఉన్న బ్యారక్స్ వల్లే బార్కస్‌కి ఆ పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఈ వంట నగరానికి పరిచయమైందని, ఏడో నిజాం కాలంలో యెమెన్ మూలాలున్న సైఫ్ నవాజ్ జంగ్ ఇంటి విందుల వల్ల పెద్దోళ్లలో పేరు వచ్చిందని చెప్తారు. హోటల్లో డబ్బులిచ్చి తినే వస్తువుగా మారింది మాత్రం ఇరానీల చేతుల్లో. పత్తర్‌గట్టి దగ్గరి మదీనా హోటల్‌లో 1956లో అమ్మడం మొదలుపెట్టారని అంటారు. ఆ హోటల్ పెట్టిన హుస్సేన్ జాబెత్ ఇరాన్ మనిషి.

ఇప్పటికీ బార్కస్ వెళ్తే హరీస్ అనే అడుగుతారు. అక్కడ ఉప్పుది ఉంటుంది, తీపిది కూడా ఉంటుంది. మాంసం, గోధుమల ముద్ద మీద చక్కెర, నెయ్యి వేసుకొని పొద్దున్నే తింటారు. మన మేడ్చల్ అన్నకి అది పెడితే ఏమంటాడో!

చూడండి, అరబ్బు వంటకి ఇరానీ హోటల్ దొరికింది. హైదరాబాద్ వాళ్లు అల్లం వెల్లుల్లి, పచ్చిమిరప, షాజీరా, చలవ మిరియాలు వేశారు. పైన ఎర్రగా వేయించిన ఉల్లిగడ్డ, పుదీనా, నిమ్మకాయ పెట్టారు. కొంచెం పప్పు కూడా చేరింది, చాలామంది మాస్టర్లు గుప్పెడు మినపప్పో శనగపప్పో వేస్తారు. కరాచీ, లాహోర్ వైపు హలీమ్‌లో పప్పుల పాలు బాగా ఎక్కువ. మనది మాంసం, గోధుమ ముందు, పప్పు వెనక. తేడా ఎంత వేశారన్నదాంట్లోనే ఉంది.

ఇలాంటి గొడవ మనకొక్కరికే లేదు. డల్లాస్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు కదా, ఆ టెక్సాస్‌లో చిల్లీ అనే వంట ఉంది. మాంసం, ఎండు మిరపకాయలు వేసి గంటలకొద్దీ ఉడికించే చిక్కటి కూర, బౌల్‌లో పోసుకొని తింటారు. అందులో బీన్స్ వేయొచ్చా లేదా అని వాళ్లకి తరాలుగా కొట్లాట. అక్కడి ఒక పెద్ద చిల్లీ సంఘం పోటీల్లో బీన్స్ వేస్తే ఒప్పుకోరు, రూల్స్‌లోనే రాసుకున్నారు. 1967లో టెర్లింగ్వా అనే ఎడారి ఊళ్లో ఒక టెక్సాస్ ఆయనకి, బీన్స్ వేసే న్యూయార్క్ రచయిత ఒకాయనకి పోటీ పెట్టారు. ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఇటు, ఒకరు అటు ఓటేశారు. మూడో ఆయన నోట్లో పెట్టుకొని ఉమ్మేసి, నా నాలుక చచ్చిపోయింది, నేను చెప్పలేను అన్నాడట. మ్యాచ్ టై! పదేళ్ల తర్వాత 1977లో టెక్సాస్ ప్రభుత్వం చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. గొడవ మాత్రం ఆగలేదు.

మన దగ్గర కూడా ప్రభుత్వ ముద్ర ఉంది. అదే జీఐ ట్యాగ్. 2010లో హైదరాబాద్ హలీమ్‌కి జీఐ వచ్చింది. దేశంలో ఒక మాంసాహార వంటకానికి జీఐ రావడం అదే మొదటిసారి. హలీమ్ తయారీదారుల సంఘం అప్లై చేసింది. 2022లో కేంద్రం పెట్టిన ఓటింగ్‌లో ఫుడ్ కేటగిరీలో మోస్ట్ పాపులర్ జీఐ కూడా మన హలీమే, రసగుల్లా, బికనేరీ భుజియా లాంటివాటిని దాటి.

అయితే ఆ జీఐ కోసం ఏం రాసుకున్నారో ఎంతమంది చూశారు? మేక మాంసమే వాడాలి. మాంసం, గోధుమల నిష్పత్తి 10:4. నెయ్యి ల్యాబ్‌లో పరీక్ష చేసినదై ఉండాలి. రాగి పాత్రలో, కట్టెల మంట మీద, 12 గంటల దాకా వండాలి. అక్బర్ లెక్క 10:5 అని ఇందాక చెప్పాను కదా. ఇక్కడ గోధుమ ఇంకాస్త తగ్గింది. నాకైతే ఇది చూసినప్పుడు సంతోషం వేసింది. పప్పు గురించి అరిచే మనం, మాంసం ఎంత పడింది అని మాత్రం అడగం. ఆ కాగితం అదే ముందు చెప్తోంది.

జీఐ గురించి ఒక చిన్న క్లారిటీ. 1999 చట్టం ప్రకారం జీఐ అంటే పేరుకి రక్షణ. "ఇట్ల వండితేనే తినాలి, లేకపోతే నేరం" అని కాదు. ఆ పేరు పెట్టి అమ్మేవాడు ఆ పద్ధతి పాటించాలి, అధీకృత వాడుకదారుగా పేరు నమోదు చేసుకోవాలి. పదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. మీరు మీ ఇంట్లో కుక్కర్‌లో ఓట్స్‌తో చేసుకొని హలీమ్ అనుకుంటే పోలీసులు రారు. నేను కూడా ఏమీ అనను. పైకి.

ఇప్పుడు ఆ దంచడం సంగతికి వద్దాం.

మేడ్చల్ దగ్గర ఒక బట్టీ ఉంది. పోయిన రంజాన్‌లో మధ్యాహ్నం పూట అక్కడికి వెళ్లాను. కెమెరా తీయలేదు, మాస్టర్ వద్దన్నాడు. ఇటుకలు, మట్టితో కట్టిన పొయ్యి. అందులో పెద్ద డేగ్‌ని మూతి దాకా పాతిపెట్టినట్టు కడతారు, వేడి చుట్టూ తిరుగుతుందన్నమాట. తెల్లవారుజామున మాంసం, అల్లం వెల్లుల్లి, మసాలా వేసి ఉడకబెట్టడం మొదలవుతుంది. నానబెట్టిన గోధుమ వేరే ఉడుకుతుంది. ఎముకలు తీసేస్తారు. తర్వాత రెండూ కలుస్తాయి. ఇక అప్పటి నుంచి అసలు పని. రోకలికి పొడుగాటి కర్ర తగిలించినట్టుండే చెక్క సామాను, ఘోట్ని అంటారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు కొడుతూనే ఉంటారు. కొట్టడం, అడుగంటకుండా కలపడం, మళ్లీ కొట్టడం.

నేను మాస్టర్‌ని అడిగాను, "భాయ్, పప్పు వేస్తరా మీరు?" ఆయన నవ్వాడు. "ముట్టి భర్ వేస్తం. నువ్వు దాల్ గురించి అడుగుతున్నవ్ గానీ బేటా, చేతులు చూడు" అని పక్కనున్న కుర్రాడి అరచేయి తిప్పి చూపించాడు. ఆ కుర్రాడికి మన వయసే ఉంటుంది. అరచేతి మధ్యలో కాయలు కాసి గట్టిపడిపోయింది. రోజా ఉన్నాడు, నీళ్లు కూడా తాగలేదు, ఆ మంట పక్కన నిలబడి కొడుతున్నాడు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా, ఇప్పుడిప్పుడే చలికాలం వైపు వెళ్తోంది. ఏప్రిల్, మే ఎండల్లో వచ్చిన ఏళ్లలో ఎట్ల చేశారని అడిగితే, "ఎట్ల చేస్తం, చేసినం" అన్నాడు ఆ కుర్రాడు. ఆపకుండానే చెప్పాడు.

ఘోటా ఎందుకు అంత ముఖ్యం అంటే, ఉడికిన మాంసాన్ని మిక్సీలో వేస్తే పేస్ట్ అవుతుంది. బ్లేడు పోగుల్ని అడ్డంగా కోసేస్తుంది. చెక్కతో కొడితే కోయదు, పోగులు ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి, పొడుగ్గానే ఉంటాయి. ఆ పోగుల మధ్యలోకి గోధుమలోని పిండి, ఎముకల నుంచి దిగిన జిగురు, నెయ్యి చేరతాయి. అందుకే మంచి హలీమ్‌ని స్పూన్‌తో పైకి లేపితే తీగలాగా సాగుతుంది. సాగిన తీగలో సన్నటి పోగులు కనపడతాయి. మైదా, కార్న్‌ఫ్లోర్ వేసి చిక్కగా చేసింది కూడా జిగటగానే ఉంటుంది, కానీ అందులో పోగు ఉండదు, నాలుకకి అంటుకుంటుంది. ఈ తేడా కంటితో, నోటితో తెలుస్తుంది. దీనికి పాతబస్తీలో పుట్టాల్సిన పని లేదు.

నా దృష్టిలో హలీమ్ అసలుదా కాదా అని చూసే మొదటి చోటు అదే. పేరులోనే దంచడం ఉన్న వంటని దంచకుండా ఇస్తే, పప్పు ఉన్నా లేకపోయినా నాకు ఒకటే. పెద్ద హోటళ్లు కొన్ని ఇప్పుడు మెషిన్‌తో కూడా కొట్టిస్తున్నాయి. రోకలిలాగా కొట్టే మెషిన్ అయితే నాకేం అభ్యంతరం లేదు, ఆ కుర్రాడి చేతులు చూశాక అస్సలు లేదు. కోసే మెషిన్ వేరు.

టాపింగ్స్ గొడవ మీద టైం వేస్ట్ చేయను. గుడ్డు, మలై, చికెన్ సిక్స్టీఫైవ్, జీడిపప్పు, ఏం వేసుకుంటారో మీ ఇష్టం. కిందున్నది బాగుంటే పైన ఏదీ అవసరం లేదు. కింద బాగా లేనప్పుడే పైన పెళ్లి సందడి ఎక్కువుంటుంది, అది నా అనుమానం.

ఇక చికెన్. మొదట్లో చెప్పాను చూడండి, నిజంగా తేల్చుకోవాల్సింది ఒకటుందని. అది ఇక్కడుంది.

చికెన్ హలీమ్ హలీమా? రుచి సంగతి పక్కన పెడితే, నేను అవుననే అంటాను. కోడి పోగు మెత్తన, తొందరగా విడిపోతుంది, అన్ని గంటల పని ఉండదు, ఎముకల జిగురు తక్కువ. జీఐ పేరు దానికి రాదు. కానీ హాస్టల్‌లో ఉండే పిల్లలకి జేబుకి అందేది అదే. వెజ్ హలీమ్ కూడా ఉంది, మీల్‌మేకర్‌తో చేస్తారు. ఎవరైనా తృప్తిగా తింటుంటే మధ్యలో నా తీర్పు ఎందుకు?

నాకు ఇబ్బంది ఎక్కడంటే, ఏది ఏదో చెప్పకుండా అమ్మినప్పుడు.

శామీర్‌పేట వైపు ఒక కౌంటర్. పేరు చెప్పను. ఫ్లెక్సీ మీద "ఒరిజినల్ మటన్ హలీమ్, 120 రూపాయలు." మేం నలుగురం వెళ్లాం. మా ఫ్రెండ్ ఒకడు పెద్ద మాంసం ముట్టడు, వాళ్లింట్లో అది పట్టింపు. మీకు తెలిసే ఉంటుంది, హైదరాబాద్‌లో ఛోటే కా అంటే మేక, గొర్రె. బడే కా అంటే పెద్ద పశువుది, ఎక్కువగా బర్రె, దున్న. బడే కా హలీమ్ సిటీలో చాలాచోట్ల బాగా చేస్తారు, అది తినేవాళ్లు ఇష్టంగా తింటారు, బోర్డు మీద రాసి అమ్ముతారు. అందులో దాచేదేం లేదు. కానీ ఇక్కడ మా వాడు "అన్నా, ఛోటే కానేనా?" అని అడిగితే కౌంటర్ మీదున్న మనిషి "ఒరిజినల్ తమ్మీ, ఒరిజినల్" అన్నాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ "ఒరిజినల్." మూడోసారి అడిగితే విసుక్కున్నాడు, "తింటే తిను, లేకపోతే జరుగు, వెనక లైన్ ఉంది."

మా వాడు తినలేదు. పక్కకొచ్చి బండి మీద కూర్చున్నాడు. మేం ముగ్గురం కూడా ప్లేట్లు తీసుకోలేదు. వాడిని చూసి వెనక ఎవడో "ఇంత నాటకం ఎందుకురా" అన్నాడు. వాడు ఏమీ అనలేదు కానీ మొహం చిన్నబోయింది. అడిగింది ఏంటి? నా కడుపులోకి ఏం పోతోంది అని. అది నాటకం ఎట్లయితది?

దీన్ని ఒక మతం మీద వేసి మాట్లాడేవాళ్లుంటారు, వాళ్లకి నా దగ్గర మద్దతు దొరకదు. ఆ కౌంటర్ ఎవరిదో, వండింది ఎవరో నేను చూడలేదు, చూడాల్సిన పని కూడా లేదు. ఇదే అనుమానం రివర్స్‌లో కూడా ఉంటుంది. రోజా విడిచే మనిషి రోడ్డు పక్కన తినేటప్పుడు అది హలాలా కాదా అని ఆయనకీ తెలియాలి. ఆయన అడిగినా "ఒరిజినల్" అనే జవాబే వస్తే, ఆయన పరిస్థితి కూడా మా వాడి పరిస్థితే. ఒక వస్తువు పేరు చెప్పి ఇంకోటి అమ్మడాన్ని 2006 నాటి ఆహార భద్రత చట్టం మిస్‌బ్రాండింగ్ అంటుంది, 3 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది.

ఇప్పుడు ఆ 120 రూపాయల లెక్క చూద్దాం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. మటన్ కిలో తక్కువలో తక్కువ 800 అనుకుందాం. ఒక ప్లేట్లో పచ్చి మాంసం 100 గ్రాములు పడినా 80 రూపాయలు అక్కడే అయిపోయాయి. 150 గ్రాములు అయితే 120. అంటే బోర్డు మీది రేటు మొత్తం మాంసానికే సరిపోయింది. ఇంకా గోధుమ, నెయ్యి, కట్టెలు, తెల్లవారుజాము నుంచి కొట్టిన ఇద్దరి కూలి, జాగా కిరాయి, డబ్బా, లాభం ఇవన్నీ ఎక్కడి నుంచి రావాలి? రెండే దారులు. మాంసం బాగా తక్కువ వేయాలి, లేదంటే అది మటన్ అయి ఉండకూడదు. మటన్ పేరుతో హలీమ్ అంత చవగ్గా కనపడితే రేటు చూసి మురిసిపోకుండా ఈ లెక్క వేయండి. చికెన్ అని రాసి అదే రేటుకి అమ్మితే ఏ బాధా లేదు, లెక్క కుదురుతుంది.

ఇందాక చెప్పిన మేడ్చల్ బట్టీ మాస్టర్ దగ్గర రెండు డేగ్‌లు ఉన్నాయి. ఒకటి మటన్, ఒకటి చికెన్. కౌంటర్ మీద రెండు వేరు వేరు అట్టముక్కల మీద స్కెచ్ పెన్‌తో రాసి పెట్టారు, గరిటెలు కూడా వేరు. ఒరిజినల్ అనే మాట ఎక్కడా లేదు. "ఎందుకు రాయలేదు భాయ్, అందరూ రాస్తరు కదా" అంటే, "అది రాస్తే అందరు వచ్చి ఏం వేసినవ్ అని కొట్లాడతరు. ఇది రాస్తే ఏది కావాల్నో అడిగి తీస్కపోతరు" అన్నాడు. ఆయన హలీమ్‌లో పప్పు కొంచెం ఉంది, నాకు తెలిసింది. రాగి డేగ్ కాదు, అల్యూమినియం. జీఐ లెక్క ప్రకారం ఆయన ఫెయిల్. నేను మాత్రం వారంలో రెండుసార్లు వెళ్లాను.

సో ఫ్రెండ్స్, ఈసారి కౌంటర్ దగ్గర మీరు ఏం అడుగుతారో మీ ఇష్టం. నేనైతే మూడే అడుగుతాను. ఏం మాంసం? ఘోటా ఎక్కడ కొడతారు, చూడొచ్చా? మటన్‌ది ప్లేట్ ఎంత? మొదటిదానికి సూటిగా జవాబు రాకపోతే మిగతా రెండూ అడగను, బండి తీస్తాను. ఘోటా చూడాలనుకుంటే మాత్రం సాయంత్రం రష్‌లో కాదు, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య వెళ్లండి. కొడుతున్నప్పుడు మంట దగ్గర నిలబడి సెల్ఫీలు దిగకండి, వాళ్ల చెయ్యి ఆగుతుంది, డేగ్ అడుగంటుతుంది.

ఉంటాను మరి.